ఎడమకాలికి సెలవు

నిఘంటువులు 'ఆటోమేటిక్' అన్న మాటకు 'స్వయంచాలకము' అనీ, 'తనంత తాను పనిచేయునది' అనీ అర్థం చెబుతాయి. నాబోటి అనువాదకులకు ఇంతకన్న నిశ్చింత కలిగించే మాట ఉండదు. ఎక్కడ ఎదురైనా కళ్లు మూసుకుని ఆ అర్థం వేసేయవచ్చు. అయితే అమెరికాలో పందెపు కార్లకు ఆటోమేటిక్ గేరుబాక్సు బిగించే పద్ధతిని వివరించే గ్రంథమొకటి తెలుగు చేయవలసి వచ్చినప్పుడు ఆ నిశ్చింత ఎంతోకాలం నిలవలేదు. పందెం కోసం సిద్ధం చేసిన ఆ పెట్టెలో గేరు తనంత తాను మారదు. మార్చవలసినవాడు డ్రైవరే. తనంత తాను మారే ఏర్పాటును డబ్బు ఖర్చుపెట్టి మరీ తీసివేయిస్తారు. అయినా దాని పేరు ఆటోమేటిక్కే!

మన దేశంలో ఈ మాట చుట్టూ ఉన్న భావాలు వేరు. స్టీరింగు పక్కన గేరు కర్ర ఉన్న అంబాసిడర్ కాలం నుంచి కారు నడపడం వచ్చినవాడంటే క్లచ్చును, గేరును తాళం తప్పకుండా కలపగలిగినవాడనే లెక్క. ఎత్తు మీద బండి ఆపి, వెనక్కు జారకుండా మళ్లీ కదిలించడం డ్రైవింగు నేర్చుకునేవారికి నిజమైన పరీక్ష. 2014లో మారుతి సెలెరియోతో చవక రకం ఆటోమేటిక్ మన వీధుల్లోకి వచ్చింది. అందులోనూ క్లచ్చు ప్లేటు ఉంటుంది, దానిని నొక్కే పనిని మాత్రం కాలికి బదులు యంత్రం చేస్తుంది. ఏదైతేనేం, ఎడమకాలికి సెలవిచ్చే బండి అంటే రద్దీలో ఓపిక లేనివారి బండి అనీ, నేర్పు లేనివారి బండి అనీ ఒక చిన్నచూపు మనలో ఉన్నది. అటువంటి పెట్టెను కోరి కోరి పందెపు కారుకు ఎందుకు బిగిస్తారు?

ముందు ఆ పందెం ఎటువంటిదో చెప్పాలి. డ్రాగ్ రేసు అంటే పావు మైలు, అనగా సుమారు 402 మీటర్ల తిన్నని బాట మీద రెండు కార్లు పక్కపక్కన పరుగెత్తడం. మలుపులు లేవు, చుట్లు లేవు. 1951లో కాలిఫోర్నియాలో వాలీ పార్క్స్ అనే పెద్దమనిషి నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించి, వీధుల్లో దొంగచాటుగా జరిగే ఈ పోటీలను నియమబద్ధం చేశాడు. 1963 నుంచి జెండా ఊపే మనిషికి బదులు దీపాల స్తంభం వచ్చింది. పసుపు దీపాల తరువాత పచ్చదీపం వెలుగుతుంది. అంతే, పది పన్నెండు సెకండ్లలో కథ ముగుస్తుంది. అంత స్వల్పకాలంలో గెలుపోటములు తేలేది ఎక్కువగా మొదటి క్షణంలోనే. నిలిచి ఉన్న కారు కదిలే ఆ క్షణంలో క్లచ్చు పెడలు మీద మనిషి కాలు రెండుసార్లు ఒకే విధంగా లేవదు. ఒకసారి త్వరపడుతుంది, చక్రాలు ఉన్నచోటనే గిర్రున తిరిగి పొగలు కక్కుతాయి. మరొకసారి జంకుతుంది, ఇంజను ఉసూరుమంటుంది.

ఆ కాలి పనిని నూనెకు అప్పగించడమే ఈ పెట్టె చేసే ఉపకారం. బల్ల మీద రెండు ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదానినే నడిపితే, దాని గాలికి రెండవది కూడా తిరగడం మొదలుపెడుతుంది. గాలికి బదులు నూనె, ఫ్యాన్లకు బదులు ఒకే గిన్నెలో మూసిన రెండు రెక్కల చక్రాలు అనుకుంటే టార్క్ కన్వర్టర్ సగం అర్థమైనట్టే. ఒక చక్రం ఇంజనుకు, మరొకటి గేరుబాక్సుకు అతుక్కుని ఉంటాయి. తక్కిన సగం ఆ రెండింటి నడుమనున్న మూడవ చక్రంలో ఉన్నది. తిరిగి వచ్చే నూనెను అది ఇంజను తిరిగే దిశకు మళ్లించి, బయలుదేరే వేళ ఇంజను తిప్పుబలాన్ని ఇంచుమించు రెండింతలు చేస్తుంది. ఈ యుక్తి కార్ల కోసం పుట్టినది కాదు. హెర్మన్ ఫొట్టింగర్ అనే జర్మన్ ఇంజనీరు 1905లో ఓడల కోసం దీనికి పేటెంటు పొందాడు. ఆవిరి టర్బైను అతివేగంగా తిరుగుతుంది, నీటిలోని పంకా నెమ్మదిగా తిరగాలి. ఆ రెంటికీ సయోధ్య కుదర్చడం అతని సమస్య.

పందెగాళ్లకు ఎక్కువ ప్రియమైన పెట్టె పేరు పవర్‌గ్లైడ్. 1950లో షెవ్రొలే కంపెనీ దీనిని సామాన్య కుటుంబాల కార్లలో ప్రవేశపెట్టింది. పిల్లలను బడికి దింపి, అంగడికి వెళ్లి వచ్చే బండ్లకు ఉద్దేశించిన పెట్టె అది. ముందుకు వెళ్లడానికి రెండే గేర్లు. తొలి మూడేళ్లలో ఆ రెండింటి మధ్య కూడా తనంత తాను మారేది కాదు. పై గేరులోనే బయలుదేరి, భారమంతా టార్క్ కన్వర్టర్ మీద పడవేసేది. 1953లో గాని కింది గేరులో కదిలి పై గేరుకు మారడం నేర్చుకోలేదు. 1962లో ఇనుప ఒళ్లు వదిలి అల్యూమినియం ఒళ్లు ధరించింది. 1973తో కంపెనీ దాని తయారీ ఆపివేసింది. కొత్త కార్లలోంచి పోయి అర్ధశతాబ్దం దాటినా, పందెపు బాటల మీద మాత్రం దాని వంశం అంతరించలేదు. పాత పెట్టెలు చాలక పోతే దాని నమూనా మీద బలమైన కొత్త భాగాలతో, కొత్త ఒళ్లతో ఇప్పటికీ తయారవుతున్నది.

రెండు గేర్ల పెట్టెకు ఇంత గిరాకీ ఎందుకంటే, సరిగా రెండే గేర్లు ఉన్నందువల్ల! పావు మైలు పరుగులో గేరు మార్పు ఒకే ఒకసారి. తడబడే అవకాశమూ ఒకటే. పైగా తేలిక, లోపల తిరిగే బరువు తక్కువ గనుక అది మింగివేసే బలమూ తక్కువే. కింది గేరు నిష్పత్తి 1.82 లేక 1.76. అదే కంపెనీవారి మూడు గేర్ల టర్బో హైడ్రమాటిక్ 400లో మొదటి గేరు 2.48. అంటే పవర్‌గ్లైడ్ మొదటి తోపు మెత్తన. బరువైన కారుకు, బలహీనమైన ఇంజనుకు ఇది పనికిరాదు. తేలికైన కారు, ఒంటినిండా సత్తువ ఉన్న ఇంజను అయితే ఆ మెత్తదనమే వరం. చక్రాలు జారకుండా నేలను పట్టుకుంటాయి.

ఇంతకన్న ముఖ్యమైన కారణం మరొకటి ఉన్నది. అమెరికాలో వేలాదిమంది సామాన్యులు తమ సొంత కార్లతో పాల్గొనే పందెం ఒకటుంది, దానిని బ్రాకెట్ రేసింగు అంటారు. ఇందులో ప్రతివాడూ తన కారు పావు మైలును ఎంతసేపట్లో దాటుతుందో ముందుగా అద్దం మీద రాసి ప్రకటించాలి. ఒకడు 10.50 సెకండ్లని రాసి, మరొకడు 11.20 అని రాస్తే, నెమ్మది కారుకు 0.70 సెకండు ముందుగా పచ్చదీపం వెలుగుతుంది. ఎవరు ముందు చేరితే వారిదే గెలుపు. కాని తాను ప్రకటించిన సమయంకన్న త్వరగా చేరినవాడు ఓడిపోయినట్టు లెక్క! ఈ నియమం చదివినప్పుడు అనువాదంలో పొరపాటు పడ్డానేమోనని మూలం మళ్లీ చూసుకున్నాను. పొరపాటు లేదు. వేగంగా వెళ్లినందుకు శిక్ష పడే పరుగుపందెం అది. అక్కడ కావలసింది అన్న మాటకు నూరోవంతు సెకండు తేడా లేకుండా కట్టుబడే కారు. పొద్దున్నా సాయంత్రమూ, ఉత్సాహంలోనూ అలసటలోనూ ఒకే తీరుగా కదిలే గుణం మనిషి కాలికి లేదు, నూనెకు ఉన్నది.

అందుకే గేరు తనంత తాను మారే ఏర్పాటును తీసివేయిస్తారు. గేర్లను మార్చే నూనె దారులన్నీ వాల్వ్ బాడీ అనే ఒక అల్యూమినియం పలకలో ఉంటాయి. పందెగాడు దానిని విప్పించి, తాను కర్ర కదిపినప్పుడు మాత్రమే గేరు మారేటట్టు మలచిన మరొక పలకను వేయిస్తాడు. ఎప్పుడు మార్చాలో నిర్ణయించే హక్కును తనవద్దనే ఉంచుకుని, కదిలించే భారాన్ని మాత్రం పెట్టెకు వదులుతాడు. ఆ పలకతోపాటే ట్రాన్స్‌బ్రేక్ అనే మీట కూడా వస్తుంది. స్టీరింగు మీద బొత్తాము నొక్కి పట్టుకుంటే పెట్టె లోపల ముందుకు పోయే పట్టు, వెనక్కు పోయే పట్టు రెండూ ఒకేసారి బిగుసుకుంటాయి. అటు ఇటు కదలలేక కారు స్తంభించిపోతుంది. ఇంజను మాత్రం పూర్తి బలంతో రంకె వేస్తూ ఉంటుంది. బొత్తాము వదిలిన మరుక్షణం వెనక్కు లాగే పట్టు వీడి, కారు విడిచిన బాణమవుతుంది. ఎడమకాలి విద్య అంతా చివరకు బొటనవేలి కిందికి వచ్చి చేరిందన్నమాట. 2018 మోడలుగా వచ్చిన డాడ్జ్ ఛాలెంజర్ డీమన్ కారుకు ఈ ఏర్పాటును కంపెనీవారే కర్మాగారంలో అమర్చి అమ్మారు.

అన్ని పందెపు కార్లూ ఈ దారినే నడుస్తున్నాయని అనుకోరాదు. అన్నింటికన్న వేగవంతమైన టాప్ ఫ్యూయెల్ తరగతి కార్లలో గేర్లే లేవు, అనేక పళ్లాల క్లచ్చు ఒకటే ఉంటుంది. ఇక మలుపులున్న బాటల మీద ఈ పెట్టెకు చోటు లేదనుకుంటే, అదీ పొరపాటే. టెక్సస్ రాష్ట్రంలోని మిడ్లండ్‌లో జిమ్ హాల్ నిర్మించిన ఛాపరల్ కార్లు క్లచ్చు పెడలు లేకుండా, టార్క్ కన్వర్టర్‌తోనే పరుగెత్తాయి. 1965లో సెబ్రింగ్ పన్నెండు గంటల పందెంలో జిమ్ హాల్, హాప్ షార్ప్ అటువంటి కారుతోనే నెగ్గారు. అంతకన్న తమాషా 1966లో వచ్చిన ఛాపరల్ 2ఇ. ఎడమకాలికి పని లేదు కదా అని దానికొక కొత్త ఉద్యోగం ఇచ్చారు. కారు వెనుక ఎత్తున ఒక పెద్ద రెక్క, ఎడమవైపున ఒక పెడలు. తిన్నని దారిలో పెడలు నొక్కితే రెక్క చదునై గాలికి దారి ఇస్తుంది. మలుపులో కాలు తీస్తే రెక్క వాలి, కారును నేలకు అదిమి పట్టుకుంటుంది. కాలికి ఇచ్చిన సెలవు నుంచి ఒక కొత్త శాస్త్రమే పుట్టుకొచ్చింది.

ఇక బిగింపు సంగతి. నాలుగు గేర్ల చేతి పెట్టె ఉన్న 1969 నాటి కమేరో వంటి కారును తీసుకుందాం. పాత పెట్టె, క్లచ్చు, పెడలు, ఇంజను వెనకనున్న బరువైన ఫ్లైవీలు అన్నీ దిగిపోతాయి. ఫ్లైవీలు స్థానంలో ఫ్లెక్స్‌ప్లేట్ అనే పల్చని ఉక్కు పళ్లెం వస్తుంది. ఆ పళ్లానికి టార్క్ కన్వర్టర్ బోల్టులతో బిగుస్తుంది. వినడానికి సులువుగానే ఉన్నది. కాని మెకానిక్కు పనితనం తేలేది ఇక్కడే. కన్వర్టర్‌ను గేరుబాక్సు ముక్కు మీదికి ఎక్కించేటప్పుడు అది ఒకదాని తరువాత ఒకటిగా మూడు మెట్లు దిగాలి. ఒక షాఫ్ట్ పళ్లు, నడిమి చక్రాన్ని నిలిపే గొట్టం పళ్లు, చివరకు నూనె పంపును తిప్పే కొక్కేలు. చేత్తో తిప్పుతూ, మెల్లగా నెడుతూ ఉంటే ఒక్కొక్క మెట్టుకు టక్కుమని లోనికి దిగుతుంది. రెండు మెట్లు దిగి మూడవది దిగకపోయినా చూపుకు అంతా సరిగా ఉన్నట్టే కనిపిస్తుంది. తొందరపాటు మనిషి అక్కడితో ఆగి, పెట్టెను ఇంజనుకు చేర్చి, మిగిలిన సందును బోల్టులు బిగించి మూసివేస్తాడు. ఇంజను మొదటిసారి తిరగడంతోనే పంపు పగిలిపోతుంది.

దీనికి విరుగుడు చాలా చిన్నది. పెట్టెను ఇంజనుకు పూర్తిగా చేర్చిన తరువాత, కన్వర్టర్‌ను బిగించకముందు, దానికీ ఫ్లెక్స్‌ప్లేట్‌కూ నడుమ 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. చేత్తో తిప్పితే కన్వర్టర్ స్వేచ్ఛగా తిరగాలి. ఖాళీ లేదంటే మూడవ మెట్టు దిగలేదని అర్థం, పానా కింద పెట్టి మొత్తం విప్పవలసిందే. బోల్టులతో లాగి బిగించే అవసరం ఏర్పడిన ప్రతిచోటా ఏదో తప్పు జరిగినట్టే లెక్క.

కన్వర్టర్‌ను ఎన్నుకోవడంలోనూ మెళకువ ఉన్నది. వెనక చక్రాలను కదలనీయకుండా పట్టి ఉంచి ఇంజనును పూర్తిగా రేపితే, ఏ వేగం వరకు అది పెరిగి ఆగిపోతుందో దానిని 'స్టాల్ స్పీడు' అంటారు. ఈ మాటను 'మొరాయించు వేగం' అని తెలుగు చేశానుగాని, మొరాయించేది కారే తప్ప ఇంజను కాదు. నిత్యవాడుక కార్లలో ఇది నిమిషానికి 1500, 2000 చుట్ల ప్రాంతంలో ఉంటుంది. పందెపు కన్వర్టర్లలో 5000 దాటడమూ కద్దు. ఇంజను తిప్పుబలం పతాకస్థాయికి చేరే వేగం ఎంతో చూసి, దాని దగ్గరలో ఎన్నుకోవాలి. ఒక కారులో 5000 చూపిన కన్వర్టర్ మరొక బలహీనమైన ఇంజను వెనక అంత చూపదు. అందుచేత పక్కవాడి కారులో బాగున్నదని అదే కొనుక్కోవడం, పొరుగువాడి కళ్లజోడు పెట్టుకోవడం వంటిది.

స్టాల్ స్పీడు పెరిగినకొద్దీ నూనెకు రాపిడి పెరుగుతుంది, రాపిడి వేడి అవుతుంది. నూనెకు సుఖమైన వేడి 80, 95 డిగ్రీల సెల్సియస్ మధ్య. ట్రాన్స్‌బ్రేక్ మీద కొద్ది సెకండ్లు నిలిపితే చాలు, కన్వర్టర్‌లోని నూనె ఆ హద్దును దాటి ఎగబాకుతుంది. ఇంజనుకున్న రేడియేటర్‌తో సరిపెట్టక, ఈ నూనెకు వేరే చిన్న రేడియేటర్ పెట్టడం అందుకే.

గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కొత్త కొలతకు కోయించవలసి రావచ్చు. దాని ముందు కీలుకు 6 అంగుళాల లోపున చుట్టూ ఒక ఉక్కు కడియం తప్పనిసరి. ఆ కీలు విరిగి షాఫ్ట్ ముందు కొస నేలకు గుచ్చుకుంటే, కర్ర పాతి ఎగిరే ఆటగాడిలాగా కారు గాలిలోకి లేస్తుంది. గేరు కర్రకు కూడా ఒక గొళ్లెం ఉండాలి. పై గేరులోంచి పొరపాటున రివర్స్‌లోకి జారకుండా ఆపేది అదే.

ఈ జాగ్రత్తలన్నీ ఎవరో గదిలో కూర్చుని ఊహించి రాసినవి కావు. పాతకాలపు డ్రాగ్ కార్లలో ఇంజను ముందు, దాని వెనక క్లచ్చు, గేరుబాక్సు, ఆ గేరుబాక్సుకు అటు ఇటు కాళ్లు చాపుకుని డ్రైవరు. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో డాన్ గార్లిట్స్ తన 'స్వాంప్ రాట్ 13' కారుతో బయలుదేరిన క్షణంలోనే గేరుబాక్సు పేలిపోయింది. అది పవర్‌గ్లైడ్ కాదు, గార్లిట్స్ సొంతంగా రూపొందించుకున్న రెండు గేర్ల పెట్టె. కారు నడిమికి రెండు ముక్కలైంది. అతని కుడిపాదం ముందుభాగం తెగిపోయింది. దూరాన నిలిచి చూస్తున్న ఒక ప్రేక్షకుడు కూడా తీవ్రంగా గాయపడ్డాడు. ఇంజనును డ్రైవరు వెనక్కు మార్చాలన్న ఆలోచన అంతకుముందు కొందరికి వచ్చినా, ఆ కార్లు తిన్నగా నడవవని అందరూ వదిలేశారు. గార్లిట్స్ ఆస్పత్రి మంచం మీదనే ఆ పని తలకెత్తుకున్నాడు. 1971 ఆరంభంలో వెనక ఇంజను కారుతో వచ్చి, పమోనాలో జరిగిన వింటర్‌నేషనల్స్‌లో విజేత అయ్యాడు. కొద్ది సంవత్సరాలలోనే ఆ తరగతిలో ముందు ఇంజను కార్లు కనుమరుగైనాయి.

అయితే బ్రాకెట్ పందేనికి వచ్చే సామాన్యుని కమేరోలో ఇంజను ఇప్పటికీ ముందే ఉన్నది, గేరుబాక్సు ఇప్పటికీ అతని మోకాళ్ల పక్కనే ఉన్నది. నిమిషానికి 7000, 8000 చుట్లు తిరిగే ఇనుము పగిలితే దాని ముక్కలకు కారు నేలరేకు ఒక అడ్డు కాదు. అందువల్ల నిర్ణీత వేగం దాటిన కార్లకు గేరుబాక్సు చుట్టూ కవచం, పరీక్షించి ముద్రవేసిన ఫ్లెక్స్‌ప్లేట్ ఉంటే తప్ప బాట మీదికి రానివ్వరు. పేలుడును తట్టుకునే దట్టమైన గుడ్డ కవచాలూ ఉన్నాయి, గట్టి రేకు కవచాలూ ఉన్నాయి. కొన్ని కొత్త పెట్టెలకు ఒళ్లే కవచంగా పోతపోస్తున్నారు. తనిఖీదారు మొదట ఇంజను వైపు చూడడు, వంగి కారు కిందికి చూస్తాడు. కవచం బరువనీ, గేరుబాక్సు విప్పేటప్పుడు అడ్డమనీ సణిగేవారు లేకపోలేదు. వారు కొనవలసిన వస్తువులన్నింటిలోనూ కారు వేగాన్ని ఒక్క వీసమైనా పెంచనిది అదొక్కటే మరి.

బిగింపు పూర్తయిన తరువాత నేరుగా పందేనికి పోరాదు. కన్వర్టర్‌లో ముందే ఒక లీటరు వరకు నూనె పోసి ఉంచి, ఇంజను నడిపిస్తూ పెట్టెలో మిగిలిన నూనె కొద్దికొద్దిగా పోయాలి. వెనక చక్రాలను నేల నుంచి పైకెత్తి స్టాండ్ల మీద నిలిపి, కింది గేరు, పై గేరు, రివర్స్ ఒక్కొక్కటే పట్టించి చూడాలి. ఇంజను తిరుగుతుండగా, నూనె వేడెక్కిన తరువాతనే కొలకర్ర తీసి మట్టం చూడాలి. మొదటి కొద్ది పరుగుల తరువాత అదే కర్రను ముక్కు దగ్గర పెట్టుకుంటారు అనుభవజ్ఞులు. ఎర్రగా, వాసన లేకుండా ఉన్నదా, సరే. గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వేసిందంటే లోపల పట్టీ ఏదో కాలుతున్నది, ఆనాటికి కారును ట్రాలీ మీదికి ఎక్కించవలసిందే.